మా తోటికోడలి తోపుడు తన్ను

ఏ తన్ను గొప్పదని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ముందు నేల ఏమిటో చెప్పమంటాను. సిమెంటు గచ్చా, పరుపు చాపా, ఇసకా? తర్వాత తన్నే మనిషి ఏం కట్టుకుందో చెప్పమంటాను. చీర కట్టుకుని గాలిలో గిర్రున తిరిగి తన్నమంటే అది తన్ను కాదు, ఆస్పత్రి ఖర్చు. ఆఖరికి, తన్నించుకునే మనిషి ఎవరని అడుగుతాను. ఈ ఆఖరి సంగతి ఎంత పెద్దదో నాకు తెలిసింది మా తోటికోడలి వల్ల.

నలభై దగ్గర పడ్డాక నాకు కరాటే పిచ్చి పట్టింది. మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక నాకు విసుగు. కాశీబుగ్గలో సాయంత్రాలు ఆడవాళ్ళకి కరాటే నేర్పుతున్నారని విని అక్కడ చేరాను. ఒక్కదాన్నే వెళ్తే అత్తయ్య ఏమంటారోనని తోటికోడలిని కూడా లాక్కెళ్ళాను. ఇద్దరం కలిసి వెళ్తే అత్తయ్య కోపం చెరి సగం అవుతుందని నా లెక్క.

మా ఇల్లు పలాసలో. ఇంటి వెనకే మావయ్య పెట్టిన చిన్న జీడిపప్పు షెడ్డు. తోటికోడలిది సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డు ఊరు, వేటకెళ్ళే కుటుంబం. మా మరిది ఇష్టపడి చేసుకున్నాడు. మావయ్య కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగి, ఆ పిల్ల చేతి చేపల పులుసు తిన్నాక విప్పారు. అయితే పులుసు మెచ్చుకున్నంత తేలిగ్గా మనిషిని మెచ్చుకునే అలవాటు ఆయనకి లేదు. షెడ్డులో ఒక కటింగ్ మిషను దగ్గర కూర్చునే ఆమె మానేస్తే, కొత్త కోడలిని అక్కడ కూర్చోమన్నారు. ఆ మిషను మీద చేత్తో గింజ పెట్టి, కాలితో కింది మీట నొక్కితే రెండు బ్లేళ్ళూ కలిసి తొక్క చీలుతుంది. పొద్దుట్నించి సాయంత్రం దాకా అదే పని. తోటికోడలు మారు మాట్లాడకుండా కూర్చుంది.

మా మాస్టారు రైల్వేలో పనిచేస్తారు. డ్యూటీ దిగి వచ్చి, ముహూర్తాలు లేని రోజుల్లో ఒక కల్యాణమండపం మేడ మీద మాకు పాఠం చెప్పేవారు. తన్నుల పేర్లు ఆయన జపాను భాషలో చెప్తే మాకు నోరు తిరిగేది కాదు. మేమే పేర్లు పెట్టుకున్నాం. మోకాలు పైకెత్తి అరికాలితో ఎదటి మనిషి పొట్టలోకో గుండెలోకో నెట్టేది తోపుడు తన్ను. పక్కనించి కాలు చుట్టూ తిప్పి పైపాదంతో కొట్టేది విసురు తన్ను. నడుం వాల్చి మడమతో పొడిచేది పక్క తన్ను. వీపు చూపించి గిర్రున తిరిగి కొట్టేది గిరగిర తన్ను.

మా క్లాసులో కాలేజీ పిల్లలందరికీ గిరగిర తన్నే ప్రాణం. సెల్‌ఫోను గోడకి ఆనించి రీల్సు తీసుకునేవాళ్ళు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. తగిలితే మనిషి లేవదు. కానీ తగలాలి కదా. తిరిగేలోపు ఎదటి మనిషి టీ తాగి వచ్చి నిలబడొచ్చు. పక్క తన్నుకి బలం ఎక్కువ, కానీ నాలాంటి నడుములకి అది ఎత్తేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి చుక్కలు చూపిస్తుంది. విసురు తన్ను చురుకైనది, మార్కులు తెస్తుంది, చప్పుడు కూడా బాగా వస్తుంది. నేను దాని పార్టీ. తోపుడు తన్నుని మాత్రం ఎవరూ పట్టించుకునేవారు కాదు. అందులో అందం లేదు. తలుపు తెరుచుకోకపోతే కాలితో తోసినట్టు ఉంటుంది.

ఒక ఆదివారం తోటికోడలు మాస్టారితో సహా మా క్లాసు వాళ్ళందరినీ వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. సముద్రం ఒడ్డున సరదాగా పోటీ పెట్టుకున్నాం. గిరగిర తన్నేవాళ్ళు వరసగా ఇసకలో కూలబడ్డారు. ఇసకలో నిలబడ్డ కాలు తిరగదు, పైనున్న మనిషి తిరుగుతుంది, అంతే సంగతి. నా విసురు తన్ను ఇసకని విసిరింది తప్ప మనిషిని తాకలేదు. తోటికోడలు ఒక్కతే పుట్టినప్పట్నించీ ఆ ఇసకలో నడిచిన మనిషి కాబట్టి నిబ్బరంగా నిలబడింది. మాస్టారు పట్టుకున్న ప్యాడు మీద తోపుడు తన్ను తన్నితే ఆయన వెనక్కి నడిచి నడిచి అలల్లోకి వెళ్ళి ఆగారు. మిషను మీట నొక్కిన కాలది. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయినా ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఈ కాలు ఎక్కడ దాచావని అడిగారు.

ప్యాడు మీద కాబట్టి సరిపోయింది. అసలు చిక్కు మనిషి ఎదురుగా నిలబడ్డప్పుడు వచ్చేది.

మన ఇళ్ళల్లో పొరపాటున ఎవరికైనా కాలు తగిలితే ఏం చేస్తాం? వాళ్ళని తాకి చేతులు కళ్ళకద్దుకుంటాం. పుస్తకానికి తగిలినా అంతే, చీపురుకి తగిలినా కొందరు అంతే. మా తోటికోడలికి ఇది ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఎదటి అమ్మాయికి తన్ను తగిలిందా, వెంటనే వంగి, ఆ అమ్మాయిని తాకి, రెండు చేతులూ కళ్ళకద్దుకునేది. అలా కళ్ళు మూసుకుని భక్తిగా నిలబడ్డ మనిషి నెత్తిన ఎదటి అమ్మాయి ఠంగుమని ఒకటి ఇచ్చేది. మాస్టారు మంచిగా చెప్పారు, విసుక్కున్నారు, ఆఖరికి చేతులకి బెల్టు కట్టి తన్నమన్నారు. కట్టిన చేతులతోనే కళ్ళకద్దుకుంది. నేను అగ్గి మీద గుగ్గిలం అయ్యేదాన్ని. ఇది పూజగది కాదే పిల్లా అని ఇంటికొచ్చే దారంతా తిట్టేదాన్ని. అన్నీ విని ఒకరోజు తన శాస్త్రం చెప్పింది.

"అరికాలు మనిషి గుండెల మీద ఎలాగెడతానక్కా? పైపాదమైతే కాస్త దోసం తక్కువ."

ఆ శాస్త్రం ఎక్కడిదో నాకు తెలీదు. పైపాదంతో కొట్టేది విసురు తన్ను కదా. దానితో తన్నితే తన మనసుకి కొంచెం ఊరట, వంగకుండా ఆపుకోగలిగేది. అందుకని తన అసలు బలం తోపుడు తన్నులో ఉంటే దాన్ని కట్టిపెట్టి, రాని విసురు తన్నునే పట్టుకుని వేలాడింది. అలా ఒకటీ రెండూ బెల్టులు మారాయి.

ఇంతలో టెక్కలిలో ఒక ప్రైవేటు బడి వాళ్ళు ఆడపిల్లలకి కరాటే నేర్పడానికి ఒక లేడీ టీచరు కావాలని మాస్టారిని అడిగారు. ఆయన మా తోటికోడలి పేరు చెప్పారు. నిజానికి తన్నడం కన్నా నేర్పడం ఆమెకి బాగా వచ్చు. కొత్తగా చేరినవాళ్ళు ఆమె చుట్టూనే మూగేవారు. బడి వాళ్ళు ఒకటే షరతు పెట్టారు. బడులు తెరిచేలోపు బ్రౌన్ బెల్టు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ మాట విన్న రోజు తోటికోడలు అన్నం తినలేకపోయింది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. టీచరమ్మా అని పిలిపించుకోవడం ఆమెకి కలలో కూడా తట్టిన సంగతి కాదు. ఇప్పుడు తట్టింది. ఇక వదలలేదు.

సంగతి మావయ్య దగ్గర పెట్టింది నేనే. ఆయన పడక్కుర్చీలో కూర్చుని అంతా విని ఒక్క ముక్క అన్నారు.

"కాల్తో తన్నడం నేర్పడానికి జీతమేటి? గాడిదలు ఊరికే తన్నట్లేదేటి?"

మా మరిది నోరు విప్పబోయి మళ్ళీ మూసుకున్నాడు. తండ్రి ముందు వాడెప్పుడూ అంతే. నేను మాత్రం ఊరుకోలేదు. బెల్టు వస్తే వెళ్తుంది, రాకపోతే మీ మిషను దగ్గరే కూర్చుంటుంది, ఇందులో మీకు పోయేదేముంది అన్నాను. మావయ్య ఆ బేరానికి ఒప్పుకున్నారు. కానీ రెండోసారి పరీక్ష అంటూ తిరగడానికి వీల్లేదని, ఈసారి తప్పితే మళ్ళీ కరాటే మాట ఇంట్లో వినపడకూడదని తేల్చేశారు. అంటే ఉన్నది ఒకటే అవకాశం.

పరీక్షకి ఇంకా వారం ఉందనగా మా క్లాసులో వేలాడదీసిన కిక్ బ్యాగు చిరిగింది. లోపల నింపిన గుడ్డ పీలికలన్నీ బయటికి వచ్చేశాయి. మా ఆయన నాకంటే ఉదారుడు. ఇంత చిన్న పనికి మాస్టారిని ఇబ్బంది పెట్టడం దేనికని, నూనె మిల్లు నించి జీడితొక్క తెప్పించి గోనెసంచిలో కూరి కుట్టించి పంపారు. జీడితొక్కలో ఉండే నూనె ఒంటికి తగిలితే కాలుతుందని పలాసలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అయితే ఇది మిల్లులో నూనె పిండేసిన తొక్క కదా. ఇంకేముంటుంది అందులో అన్నది మా ధీమా. వేరే ఊరివాళ్ళయితే భయపడి ముట్టుకునేవారు కాదు. జీడి సంగతి మాకు ఒకరు చెప్పాలా అనుకున్నాం కాబట్టి మేమందరం వట్టికాళ్ళతో ఆ బ్యాగుని ఎడాపెడా తన్నాం. మే నెల ఎండ. మేడ మీద రేకుల కప్పు వేడి. గోనె మీద నల్లగా చెమట పట్టినట్టు కనిపిస్తే నీళ్ళేమో అనుకున్నాం.

మర్నాటికి మంట, ఆ మర్నాటికి బొబ్బలు. క్లాసంతా కొబ్బరినూనె కంపు. మాస్టారికి కోపం రావలసింది, నవ్వు వచ్చింది. అందరినీ వరసగా కూర్చోబెట్టి కాళ్ళు చాపమన్నారు. ఎవరు పాదంలో ఏ భాగంతో తన్నుతున్నారో బొబ్బలు చూస్తే తెలిసిపోయింది. పైపాదంతో కొడుతున్నానని డబ్బా కొట్టుకున్న నాకు బొబ్బలన్నీ కాలివేళ్ళ మీద. అంత బాగా తన్నుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. గిరగిర తన్నే పిల్లలకి అసలు బొబ్బలే లేవు, అంటే వాళ్ళ తన్ను ఒక్కటీ బ్యాగుకి తగల్లేదు. మేం నవ్వుకుంటూ ఉంటే తోటికోడలు మాత్రం నవ్వలేదు. విసురు తన్ను కోసం పాపం అందరికన్నా ఎక్కువ కష్టపడింది. రెండు పైపాదాలూ పొంగిపోయి ఉన్నాయి. చెప్పు పట్టె తగిలినా ప్రాణం పోతోంది. అరికాళ్ళకి మాత్రం ఏమీ కాలేదు. ఇసకలో వేడికి రాటుదేలిన అరికాళ్ళవి.

ఇక విసురు తన్ను పనికిరాదు. మిగిలింది అరికాలితో తన్నే తోపుడు తన్ను. దాన్ని తన్నితే చేతులు వంగుతాయి. మాస్టారు ఇంకో సంగతి కూడా చెప్పారు. ఈసారి పరీక్ష చెయ్యడానికి శ్రీకాకుళం నించి వచ్చే పెద్దాయనకి చాదస్తం ఎక్కువ. పోటీలో గెలవకపోయినా ఊరుకుంటారు కానీ, గడ్డం దగ్గర కాపుగా ఉండాల్సిన చేతులు దించేస్తే ఊరుకోరు. మూడుసార్లు అలా చేస్తే ఇంటికి పంపేస్తారు. తోటికోడలు ఆ వారమంతా మిషను దగ్గర మీట నొక్కుతూ చేతులు బిగించుకుని తనలో తను ఏదో అనుకుంటూ ఉండేది. నాకు జాలి వేసింది. తిట్టడం మానేశాను.

పరీక్ష ఆదివారం, టెక్కలిలో. మా మరిది జీడిపప్పు లోడుతో ఒడిశా వైపు వెళ్ళాడు. మా ఆయన జీడితొక్క పుణ్యమా అని మొహం చాటేశారు. కాళ్ళీడ్చుకుంటూ ఇద్దరాడవాళ్ళు వెళ్ళడమేమిటని మావయ్య తెల్లచొక్కా తొడుక్కుని గొడుగు పట్టుకుని బయల్దేరారు. బస్సులో మాకు దూరంగా ముందు సీట్లో కూర్చున్నారు. హాల్లో వెనక గోడ పక్కన కుర్చీ లాక్కుని, తనకీ ఈ జాతరకీ సంబంధం లేనట్టు కూర్చున్నారు.

మొదటి భాగాలన్నీ తోటికోడలు బాగానే దాటింది. విసురు తన్ను చూపించమన్నప్పుడు పళ్ళ బిగువున గాలిలో తన్ని చూపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ కాలు తడబడలేదు. తర్వాత పోటీ. ఎదురుగా టెక్కలి కాలేజీ పిల్ల, పొడుగు మనిషి, కాళ్ళు రెండూ తాటిచెట్లు. వచ్చీ రాగానే ఆ పిల్ల గిర్రున తిరిగింది. ఆమె వీపు తిరిగిన క్షణంలో తోటికోడలి మోకాలు లేచింది. తోపుడు తన్ను పడింది. పొడుగు పిల్ల కూలబడ్డది కూలబడ్డట్టే ఉండిపోయింది. నేను చప్పట్లు కొట్టబోయాను. ఈలోగా మా మహాతల్లి వంగి, ఆ పిల్ల భుజం తాకి, కళ్ళకద్దుకుంటోంది. పెద్దాయన వేలు చూపించారు. ఒకటి.

కాసేపటికి మళ్ళీ అదే తన్ను, మళ్ళీ అదే దండం. రెండు. ఇంకొక్కసారి వంగితే అన్నీ అయిపోయినట్టే. విరామం ఇచ్చారు. తోటికోడలు నా దగ్గరికి వచ్చి నీళ్ళ సీసా పట్టుకుంది కానీ తాగలేదు. చేతులు వాటంతట అవే వెళ్ళిపోతున్నాయి అక్కా అంది. నేను కొంగుతో ఆమె మొహం తుడిచాను.

అప్పుడు మావయ్య లేచి వచ్చారు. గొడుగు చంకలోంచి తీసి నా చేతికిచ్చారు. ఇంటికి పదమంటారని అనుకున్నాను. ఆయన నా వైపు చూడనే లేదు.

"ఇలా సూడమ్మా," అన్నారు ఆ పిల్లతో. "కొబ్బరిసెట్టు ఎక్కీవోడు ఏటి సేత్తాడు? ముందే సెట్టుకి దండమెట్టుకుంతాడు. ఎక్కినంతసేపూ కాళ్ళతో తొక్కుతానే ఉంతాడు. అడుగడుక్కీ ఆగి దండమెడితే కాయ దిగుద్దేటి? నువ్వూ ముందే ఎట్టీసుకో. ఆనక ఎన్ని తన్నినా అందులోకే జమ."

తోటికోడలు ఆయన మొహంలోకి చూసింది. పెళ్ళయ్యాక ఆయన ఆమెతో ఇంత పొడుగు మాట మాట్లాడ్డం అదే మొదలు. కొబ్బరితోటల ఉద్దానం వైపు పుట్టిన మనిషికి కొబ్బరిచెట్టు కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. సరే మావయ్యా అని వెళ్ళింది.

ఆట మొదలవకముందే ఆమె నేరుగా పొడుగు పిల్ల దగ్గరికి నడిచింది. రెండు చేతులతో ఆ పిల్ల భుజాలు తాకి, తీరిగ్గా కళ్ళకద్దుకుంది. ఆ పిల్ల బిత్తరపోయి, తర్వాత తనూ అలాగే చేసింది. హాలంతా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు, కానీ ఆట మొదలు కాలేదు కాబట్టి వేలూ చూపించలేదు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. పొడుగు పిల్ల ముందుకొస్తే తోపుడు తన్ను. పక్కకి జరిగితే తోపుడు తన్ను. తిరగబోతే తోపుడు తన్ను. అందం లేదు, వన్నె లేదు, జపాను పేరు కూడా గుర్తు రానంత మొరటు తన్ను. కానీ ప్రతిసారీ కాలు వెళ్ళి పని చూసుకుని వెనక్కి వచ్చేసేది, చేతులు గడ్డం దగ్గరే ఉండేవి. ఒకసారి మాత్రం చేతులు కొంచెం కదిలాయి. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను. కదిలిన చేతులు పిడికిళ్ళై మళ్ళీ పైకి వెళ్ళాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. తాడిచెట్టంత మనిషిని తన్నేది మా ఇంట్లోనే మీట నొక్కుతూ ఉందని ఎవరనుకున్నారు?

పెద్దాయన విసురు తన్ను బాగుపడాలని ఒక చురక వేసి బెల్టు కట్టారు. ఫొటోలు అయ్యాక మాస్టారు మావయ్య చెయ్యి పట్టుకుని ఊపేశారు. మావయ్య ఆ చెయ్యి ఎలా విడిపించుకోవాలో తెలియక నిలబడ్డారు. తిరుగు బస్సులో ఆయన మళ్ళీ ముందు సీటుకే వెళ్ళారు. నేనూ తోటికోడలూ మాత్రం వెనక సీట్లో పలాస వచ్చేదాకా నోరు మూస్తే ఒట్టు.

బడులు తెరిచిన రోజు తోటికోడలు పొద్దున్నే స్నానం చేసి, కొత్త చుడీదార్ వేసుకుని, బ్యాగులో బెల్టూ అన్నం డబ్బా పెట్టుకుని టెక్కలి బస్సుకి వెళ్ళిపోయింది. బెల్టు వస్తే పంపుతానన్న మాట మీద మావయ్య నిలబడ్డారు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు. ఇక ఆ మిషను దగ్గర ఎవరు కూర్చుంటారన్న గొడవ మధ్యాహ్నానికి వస్తుందని, అది నా మెడకే చుట్టుకుంటుందని నేను లోలోపల సిద్ధపడుతూనే ఉన్నాను.

టీ ఇద్దామని షెడ్డులోకి వెళ్తే, తెల్లచొక్కా చేతులు పైకి మడిచి ఆ మిషను దగ్గర మావయ్యే కూర్చుని ఉన్నారు. గింజ పెట్టడం, మీట నొక్కడం ఒక్కసారి కుదరడం లేదు. ముందున్న పళ్ళెంలో విరగని గుండుపప్పు కన్నా ముక్కలే ఎక్కువ. షెడ్డులో ఆడవాళ్ళు తలొంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. అత్తయ్య పళ్ళెం వైపు చూసి నొచ్చుకుని, ఈ పప్పు ఎవరు కొంటారండీ అని అడిగారు.

మావయ్య కాలు మీట మీంచి తీసి పిక్క పట్టుకున్నారు.

"ఎంతోసేపు అవనేదు, కాలు పీకెత్తంది," అన్నారు మెల్లగా. "ఆ పిల్ల ఇన్నాళ్ళు నొక్కింది. ఒక్కనాడైనా నొప్పని సెప్పనేదు."

టీ గ్లాసు ఆయన పక్కన పెట్టి, కూర్చునే మనిషి దొరికేదాకా రోజు మార్చి రోజు నేను నొక్కుతాను మావయ్యా అన్నాను. వద్దని తల అడ్డంగా ఊపి, ఇంకో గింజ తీసి బ్లేళ్ళ మధ్య పెట్టారు.